వచ్చిన పనే నేర్పిన పథకం

పని పోయినవాడికి పని చూపించడం ఎవరైనా చేయగలరు. అందులో గొప్పేముంది? ఒక మనిషి ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పనినే అతనికి మళ్ళీ ఓనమాల దగ్గర నుంచి నేర్పాలంటే మాత్రం ప్రభుత్వమే దిగి రావాలి. మాంద్యం వచ్చిందని లోకమంతా ఏడుస్తోంది గానీ, అది రాకపోతే ఈ భాగ్యం మన లేత్ మేస్త్రీకి దక్కేదా?

మేస్త్రీ పంపుల కార్ఖానాలో టర్నరు. ఇనుప కడ్డీని మిషనుకు బిగించి, తిప్పి, చెక్కి, వెంట్రుకవాసి తేడా లేకుండా షాఫ్టు చేసి ఇవ్వడం అతని పని. కొలత తీయకముందే వేలితో తడిమి ఎంతుందో చెప్పేవాడు.

ఆ ఏడాది మొదట బట్టల మిల్లు మూతపడింది. దాని వెనకే పెంకుల ఫ్యాక్టరీ, ఆ వెనక సోడా కంపెనీ. బతుకే క్షవరం అయిపోయాక మళ్ళీ డబ్బిచ్చి చేయించుకోవడం దేనికని జనం మంగలి షాపుకు పోవడం కూడా మానేశారు. చివరకు ఒక సోమవారం పంపుల కార్ఖానా గేటుకు తాళం పడింది. ఆర్డర్లు లేవని యజమాని కాగితం అంటించాడు.

ఇంత జరిగితే ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చుంటుందా? కూర్చుంటే బాగుండేదనే కృతఘ్నులు కొందరున్నారు, వాళ్ళ మాట వదిలేయండి. నెల తిరక్కుండా ఆసుపత్రి పక్క మేడలో ఉపాధి పునరుద్ధరణ కేంద్రం వెలిసింది. మేస్త్రీ పొద్దున్నే లైనులో నిలబడి భోజనాల వేళకు కిటికీ చేరాడు.

"ఏం నేర్చుకున్నారు?" అన్నాడు గుమస్తా తలెత్తకుండా.

"లేత్ పనండీ. ఇరవై రెండేళ్ళు చేశాను."

"చేశారా అని అడగలేదు. నేర్చుకున్నారా అన్నాను. సర్టిఫికెట్ ఉందా?"

"మా మేనమామ దగ్గర నేర్చుకున్నానండీ."

"మేనమామల సంతకం చెల్లదు," అని గుమస్తా 'నైపుణ్యం లేదు' అన్న గడిలో టిక్కు పెట్టాడు.

మేస్త్రీ ఆ టిక్కు వైపే చూస్తూ నిలబడిపోయాడు. చెంప మీద కొట్టినా అంత నొచ్చుకునేవాడు కాదు. కానీ నైపుణ్యం లేనివాళ్ళకే భృతీ రేషనూ, అవైనా మూడు నెలల శిక్షణకు రోజూ వస్తేనే. పూలగుత్తులు కట్టడం, హోటలు మర్యాదలు, లేత్ మిషను, ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోమన్నారు. పూలు కొనేవాడూ హోటలుకు వెళ్ళేవాడూ చుట్టుపక్కల ఎక్కడా మిగల్లేదు కాబట్టి అతను మూడోదాని కింద సంతకం పెట్టాడు.

ఇంట్లో చెబితే భార్య బట్టలు మడతపెడుతూ వింది. "రాని పని నేర్పితే కష్టం గానీ, వచ్చిందేగా. వెనక బల్ల మీద కూర్చుని కునుకు తియ్యండి. రేషను మాత్రం మర్చిపోకండి," అంది.

తరగతిలో పధ్నాలుగు మంది. బస్సు డ్రైవరు, టైపు కొట్టే అమ్మాయి, సినిమా హాలు గేటుకీపరు, ఇలా తలో దారినుంచీ వచ్చి పడ్డవాళ్ళు. శిక్షకుడు మీసాలు సరిగా మొలవని కుర్రపంతులు. పుస్తకం తెరిచి, "లేత్ అనగా ఒక తిరుగుడు యంత్రము," అని చదివి, బోర్డు మీద బొమ్మ గీశాడు. అది కుట్టుమిషనులా ఉంది. భార్య సలహా ప్రకారం మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు గానీ నిద్ర పట్టలేదు.

వారం గడిచింది. నీళ్ళ కోసం లేచి పక్కగదిలోకి తొంగిచూసిన మేస్త్రీకి టార్పాలిన్ కప్పిన ఆకారం ఒకటి కనిపించింది. అంచు ఎత్తి చూశాడు. చక్రం పిడి అతని అరచేతి రాపిడికి ఒకవైపు అరిగి ఉంది. అది తన మిషనే.

శిక్షకుణ్ణి పట్టుకుని అడిగితే అసలు సంగతి బయటపడింది. పరిశ్రమలను ఆదుకోవడానికి ప్రభుత్వం, కేంద్రం తెరవకముందు నుంచే, శిక్షణకు యంత్రాలు మంచి ధరకు కొంటోంది. పంపులకు గిరాకీ తగ్గిన మాట నిజమే గానీ చావలేదు. పంపులు చేసి అమ్మడం కన్నా మిషన్లు సర్కారుకు అమ్మడమే లాభమని యజమానికి తోచింది. అంచేత కార్ఖానా మూశాడు.

చూశారా ప్రభుత్వ దూరదృష్టి? పని పోయినవాళ్ళకు శిక్షణ ఇవ్వాలంటే మిషన్లు కావాలి. మిషన్లు కావాలంటే కార్ఖానా మూతపడాలి. కార్ఖానా మూతపడితే పని పోయినవాళ్ళకు కొదవేముంది? తల్లికోడి, గుడ్డు, పిల్ల, మూడూ ఒకే బుట్టలో.

ఆ రోజు మేస్త్రీ అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. భార్య ఏమైందని అడిగింది. చెప్పాడు. ఆమె కంచం అతని దగ్గరకు జరిపింది. తర్వాత, "అది పనిచేస్తుందా?" అని మాత్రం అడిగింది.

మర్నాడు పిండిమర నడిపే ఆమె అరిగిపోయిన షాఫ్టును గోనెసంచిలో చుట్టుకుని వచ్చింది. "అన్నా, మర ఆగి నాలుగు రోజులైంది. కొత్తది కొనే దారి లేదు. నీ చేత్తో ఒకటి చేసి పెట్టవూ," అంది.

మేస్త్రీ ఆ సంచితో నేరుగా శిక్షకుడి దగ్గరికి వెళ్ళాడు.

"ఆ మిషను ముట్టుకోకూడదు మేస్త్రీ గారూ. ఇంకా ప్రారంభోత్సవం కాలేదు," అన్నాడు శిక్షకుడు.

"మీరు ఎప్పుడైనా లేత్ తిరగడం చూశారా సార్?"

శిక్షకుడు తల దించుకున్నాడు. "నేను కామర్స్ చదివాను. చదువుకుని ఖాళీగా ఉన్నవాళ్ళ పథకంలో నన్నిక్కడ వేశారు. మీకు భృతి ఎలాగో నాకు జీతం అలాగ," అన్నాడు. కాసేపు తటపటాయించి తాళంచెవి తీశాడు.

డ్రైవరు మోటారుకు తీగలు కలిపాడు. మిషను తిరిగింది. ఇనుము మీది నుంచి చుట్టలు చుట్టలుగా పొట్టు రాలుతుంటే మిగతా పదమూడు మందీ, శిక్షకుడూ గుడ్లప్పగించి చూశారు. మధ్యాహ్నానికి పిండిమర మోగింది. ఆ సాయంత్రం కూలి కింద అందరి ఇళ్ళకూ పిండి వెళ్ళింది.

ఇక జనం వరస కట్టారు. బండి ఇరుసులు వచ్చాయి, చేతిపంపు కడ్డీలు వచ్చాయి. టైపు అమ్మాయి వేళ్ళు చురుకైనవి. నెల తిరిగేసరికి సన్నపని మేస్త్రీ ఆమెకే వదిలేశాడు. మొట్టమొదటిసారి ఆ కేంద్రంలో ఎవరో ఏదో నేర్చుకున్నారు. ఇలాంటి అపచారం ఎన్నాళ్ళు దాగుతుంది?

తనిఖీ అధికారి వచ్చాడు. చాలా మర్యాదస్థుడు. నేల మీది నూనెను చూసి ప్యాంటు అంచు పైకి ఎత్తి పట్టుకున్నాడు.

"ఇక్కడేం జరుగుతోంది?"

"పని జరుగుతోందండీ," అన్నాడు మేస్త్రీ.

"అదే, ఎవరి అనుమతితో?"

శిక్షణ మిషను మీద సరుకు తయారైతే నష్టాల్లో ఉన్న పరిశ్రమలకు పోటీ అవుతుందని అధికారి ఓపికగా వివరించాడు. చుట్టుపక్కల నడుస్తున్న పరిశ్రమ ఒక్కటీ లేదని డ్రైవరు అన్నాడు. అయితే పోటీ ఎంత తీవ్రంగా ఉందో చూడండన్నాడు అధికారి. పైగా సంపాదిస్తున్నవాళ్ళు నిరుద్యోగులు కారు. కాబట్టి పధ్నాలుగు పేర్లూ కొట్టేశాడు. శిక్షకుణ్ణి ఇంటికి పంపాడు. మిషనుకు లక్క సీలు వేయించాడు. వేడి లక్క పిడి మీద పడుతుంటే మేస్త్రీ మొహం తిప్పుకున్నాడు.

ఆ నెల నిరుద్యోగం తగ్గిందని పేపర్లో వచ్చింది. నిజమే, పధ్నాలుగు మంది తగ్గారు. శిక్షకుడితో కలిపి పదిహేను.

పదిహేను మందీ పిండిమర వెనక కొట్టులో చేరారు. పాత ఇనుప సామాన్ల వాడి దగ్గర తుప్పుపట్టిన లేత్ ఒకటి పడి ఉంటే, వాడి బండికి ఇరుసు చేసిస్తామని తెచ్చుకున్నారు. మర బెల్టునే దానికీ తగిలించారు. పొద్దున పిండి, మధ్యాహ్నం ఇనుము. చిట్టాలు శిక్షకుడు చూసేవాడు. కామర్స్ చదువు అక్కరకొచ్చింది. మేస్త్రీ ఇంట్లో మళ్ళీ రెండు పూటలా పొయ్యి వెలిగింది.

ఏడాది తర్వాత పునరుద్ధరణ పథకం విజయోత్సవం చేశారు. పథకంలో చేరి సొంత కాళ్ళ మీద నిలబడినవాళ్ళు కావాలి కదా. ఎంత గాలించినా మేస్త్రీ బృందం తప్ప దొరకలేదు. వేదిక మీద అదే అధికారి. ఇప్పుడు పెద్ద హోదా. దండ వేసి, ప్రభుత్వ సాయం గురించి రెండు మాటలు చెప్పమన్నాడు.

"ప్రభుత్వం వారు మా మిషనుకు సీలు వేయకపోతే మేం ఇంతవాళ్ళం అయ్యేవాళ్ళం కాదండీ," అన్నాడు మేస్త్రీ. అందరూ చప్పట్లు కొట్టారు. అధికారి ఆ మాట రాసుకున్నాడు.

తర్వాత అతన్ని పక్కకు పిలిచి కలం తీశాడు. "మీ షెడ్డు ఎక్కడ? చిరునామా చెప్పండి. రేపే మా వాళ్ళను పంపుతాను. మిమ్మల్ని ఇంకా పైకి తేవాలి."

మేస్త్రీ తడుముకోకుండా వీధి పేరూ నంబరూ చెప్పాడు. అధికారి భుజం తట్టి వెళ్ళిపోయాడు.

దారిలో భార్య నిలదీసింది. "అదేం చిరునామా? ఆ వీధిలో శ్మశానం తప్ప ఏముంది?"

"ఏమీ లేదనే చెప్పాను," అన్నాడు మేస్త్రీ దండ తీసి చంకలో పెట్టుకుంటూ. "అక్కడైతే వాళ్ళెంత సాయం చేసినా ఎవరికీ కొత్తగా పోయేదేం లేదు."