ఖాళీ గడిలో టిక్కు

పైడితల్లికి అన్నిటికన్నా పెద్ద భయం, టోరెంటు మీద దిగుతున్న తన కూతురు, ఏడుపు ముక్క లేకుండానే పూర్తయిపోతుందేమోనని. జ్వరం, మెట్లు, చీమలు లాంటి భయాలు వేరే ఉన్నాయి గానీ, అవన్నీ దీని తర్వాతే. జ్వరమొచ్చినా, మెట్ల మీంచి పడినా, చీమ కుట్టినా పిల్ల ఏడిస్తేనే గదా తల్లికి తెలిసేది.

జూట్‌మిల్లు కాలనీలో పిల్లలు పుట్టాక, ఫోన్లోకి సినిమా దిగినట్టు, ముక్కలు ముక్కలుగా దిగుతారు. ఇందులో వింతేమీ లేదు. ఆసుపత్రిలో చేతికిచ్చేది ఒళ్లు మాత్రమే. ఆకలి, నవ్వు, పాకడం, పేరు పిలిస్తే తిరిగి చూడడం, ఇవన్నీ అప్పటికే అవి ఉన్నవాళ్ల దగ్గర్నుంచి కొద్దికొద్దిగా వస్తాయి. ఎవరైనా తాము తీసుకున్నంత మళ్లీ పంచాలని రూలు. ఆ తర్వాత ఆపేసుకోవచ్చు. అందరూ ఆపేసుకుంటారు.

ఈ దించే పని చేసే ప్రోగ్రాములని క్లయింట్లు అంటారు. కాలనీకి మూడున్నాయి. ఒంటికి ఒకటి, బుద్ధికి ఒకటి, గొంతుకి ఒకటి. మూడూ శిశు పంపిణీ కార్యాలయంలోనే నడుస్తాయి. మంగళవారం తల్లులు లైన్లో నిలబడితే, గుమస్తా తెర చూసి ఎంత శాతం దిగిందో చెబుతాడు. తెరని తల్లుల వైపు తిప్పే ఆనవాయితీ లేదు.

పిల్ల పేరు హాసిని. పేరుకు తగ్గట్టే నవ్వుతుంది. తొమ్మిదో నెలలో గంజి వార్చిన గిన్నె మీద చెయ్యి పెట్టి నవ్వింది. అరచేయి బొబ్బలెక్కినా నవ్వుతూనే ఉంది. పాలు పట్టడానికి ఎత్తుకున్నాక గాని పైడితల్లి చూసుకోలేదు.

ఆ మంగళవారం పిల్ల చేతికి కట్టుతోనే లైన్లో నిలబడింది.

"తొంభై తొమ్మిది పాయింట్ మూడు," అన్నాడు గుమస్తా సన్యాసిరావు. "పూర్తయినట్టే. సర్టిఫికెట్టు రాసీమంటావా?"

"ఏడుపు రాలేదు బాబూ."

"రాకపోతే నీకేటమ్మా నొప్పి? ఆడపిల్ల. హాయిగా ఉంటాది."

వెనక నిలబడ్డ పక్కింటి సూరమ్మ అందుకుంది. "ఒలమ్మా, నా కూతురికీ రాలేదే. అత్తోరింట్లో ఎంత మెచ్చుకుంటన్నారో!"

"నా పిల్ల చెయ్యి కాలిపోనాది పిన్నీ. నవ్వతా కూకుంది."

లైను ఒక అడుగు ముందుకు జరిగింది.

"ఆ తెర ఒక్కపాలి ఇటు తిప్పు బాబూ," అంది పైడితల్లి.

"తిప్పితే నీకేటి తెలుస్తాది? ఏటి సదివేవు?"

"తొమ్మిది."

"పదన్నా పాసవ్వాల," అని సన్యాసిరావు తర్వాతి తల్లిని పిలిచాడు.

మూడు క్లయింట్లనీ ఇంట్లో కూర్చుని చూసుకునే పేజీ ఒకటి సొంత కంప్యూటర్లో పెట్టుకోవచ్చని పైడితల్లి వీడియోలో చూసింది. మూతపడ్డ టైపు ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పారేస్తున్న కంప్యూటర్ని ఇంటికి తెచ్చి, కుంటి బల్ల మీద పెట్టింది.

"ఆఫీసోళ్లు ఊరుకుంటారేటే?" అన్నాడు ఆమె మొగుడు ఎర్నాయుడు, మిల్లుకి బయల్దేరుతూ.

"ఊరుకోమని ఎవులన్నారు?"

వీడియో ఇంగ్లీషులో ఉంది. వంట నేర్చుకున్నట్టే, ఎదుటివాళ్ల చేతులు చూసి నేర్చుకుంది. రెండుసార్లు తప్పింది. మూడోసారి పేజీ తెరుచుకుంది. దానికి కొత్త పాస్‌వర్డు పెట్టుకుని, ఆఫీసు గోడకి అంటించిన కాగితంలోంచి రాసుకొచ్చిన మూడు క్లయింట్ల అడ్రసులూ ఎక్కించింది. అవి కూడా పాస్‌వర్డు అడిగాయి. కొత్త సామానుతో పాటే వచ్చే 'అడ్మిన్' అన్న మాట కొట్టింది. మూడూ తెరుచుకున్నాయి. పాస్‌వర్డు మార్చాల్సిన అధికారి ఎవరో తేల్చాల్సిన ఫైలు ఆ అధికారి కోసమే పదకొండేళ్లుగా తిరుగుతోంది.

గొంతు క్లయింటులో హాసిని పేరు నొక్కితే ముక్కల పేర్లు వరసగా వచ్చాయి. ప్రతి పేరు పక్కనా ఒక గడి, గడిలో టిక్కు. ఊఁ కొట్టడం, కేరింత, దగ్గు, 'సరే', 'అలాగే', 'మీ ఇష్టం'. ఏడుపు పక్కన గడి ఖాళీగా ఉంది. దాని కింద 'కాదు', 'ఎందుకు' కూడా ఖాళీయే. అవి రాకపోవడం కాదు. వాటిని ఎవరూ అడగనే లేదు.

కాలనీలో ఆడపిల్లల పేర్లన్నీ నొక్కి చూసింది. అందరివీ అంతే. చివరికి తన పేరు కొట్టింది. ఆమెకి ఏడుపు మొదట్లో వచ్చింది. బడి మానిపించిన వారం అంతా ఇంట్లో అదే వినబడుతోందని అర్జీ పెడితే తీసేశారు. అర్జీ కింద నాన్న సంతకం ఉంది.

పైడితల్లి ఏడుపు గడిలో టిక్కు పెట్టింది. 'కాదు'కీ, 'ఎందుకు'కీ పెట్టింది. తర్వాత సూరమ్మ కూతురికీ, కాలనీలో ఉన్న నలభై ముగ్గురు ఆడపిల్లలకీ, తనకీ పెట్టింది.

మర్నాడు పొద్దున్నే సన్యాసిరావు గుమ్మంలోకి వచ్చాడు.

"ఎవర్నడిగి పెట్టేవమ్మా?"

"ఖాళీగా ఉంచాలని రూలేదైనా ఉందేటి బాబూ? సూపించు."

సన్యాసిరావు నిజాయితీగా ఆలోచించాడు. "రూలు లేదు. ఎప్పుడూ అలగే ఉంటాది."

"ఇకమీదట ఇలగుంటాది."

మూడు రోజుల్లో పేజీ మూసేయాలని నోటీసు ఇచ్చి వెళ్లిపోయాడు. పైడితల్లి దాన్ని నాలుగు మడతలు పెట్టి కుంటి బల్ల కాలి కింద దూర్చింది. బల్ల ఊగడం మానింది.

కానీ ఏడుపుని పంచుతున్న వాళ్ల వరసలో ఒకే ఒక్క పేరుంది. గెద్ద నరసమ్మ. పేరు పక్కన, ఇప్పుడూ పంచుతోందని చెప్పే పచ్చ చుక్క, చుక్క పక్కన నిష్పత్తి 212. నిష్పత్తి ఎనిమిదో తరగతి లెక్కల్లో ఉంది కాబట్టి పైడితల్లికి తెలుసు. నరసమ్మ తను తీసుకున్నదానికి రెండు వందల పన్నెండు రెట్లు ఇచ్చింది. ఊరంతా ఆపేసుకున్నాక కూడా ఆపలేదు. అడ్రసు దగ్గర 'మెట్ల కింద గది' అని మాత్రమే ఉంది. ఊరి పేరు రాసే గడి ఎవరూ నింపలేదు.

బుధవారం ఇరవై శాతం దిగింది. గురువారం మధ్యాహ్నానికి అరవై ఒకటి. హాసిని కాలిన చెయ్యి చూసుకుంది. నవ్వు ఆగింది. కళ్లలో నీళ్లు నిండాయి. నోరు పెద్దగా తెరుచుకుంది. చప్పుడు మాత్రం రాలేదు.

గుమ్మం దగ్గర చేరిన తల్లులు తమ పిల్లలనీ అలాగే ఎత్తుకుని ఉన్నారు. నలభై మూడు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

"నా కూతురిది ఎంతొచ్చిందే?" అంది సూరమ్మ. "పొద్దున ఫోన్ చేసింది. ఎత్తితే ఊపిరి ఒక్కటే ఇనబడతంది."

"అరవై ఒకటే పిన్నీ. అందరిదీ అంతే."

రెండుంబావుకి నరసమ్మ పేరు పక్కన పచ్చ చుక్క బూడిద రంగుకి మారింది. ఏడుపు అరవై ఒకటి దగ్గరే ఆగిపోయింది.

నోటీసు గడువు దాటిపోయింది. అరవై ఒక శాతం ఏడుపు వల్ల ఎవరికీ ఇబ్బంది లేదని తేల్చి, కార్యాలయం దాన్ని పూర్తయిన పద్దులో రాసేసింది. చాలామంది తల్లులు సర్టిఫికెట్లు తీసుకుని వెళ్లారు. పైడితల్లి తీసుకోలేదు. పేజీ మూయలేదు. పిల్లని ఒళ్లో పెట్టుకుని, తెర ముందే అన్నం తింటోంది.

మీరుండే చోట మెట్ల కింద గది ఏదైనా ఉంటే, అందులో ఉండే ఆవిడ పేరు మీకు తెలియకపోతే, ఒకసారి వెళ్లి తలుపు తట్టండి. గురువారం తర్వాత ఆవిడని ఎవరైనా చూశారేమో కనుక్కోండి. లోపల్నుంచి ఏడుపు వినిపిస్తే మాత్రం ఊరుకోబెట్టకండి.