ఇరవై ఏడో నంబరు వస్తువు

సముద్రతీర పార్కులోని మత్స్యకార మ్యూజియంలో ఇరవై ఏడో నంబరు వస్తువుగా మారిన మూడో రోజున ఎర్రయ్యకు ఊపిరి తీసుకోవడానికి అనుమతి వచ్చింది. అంతవరకు ఎవరూ చూడనప్పుడు తీసుకుంటూ నెట్టుకొచ్చాడు.

జరిగింది చిన్న పొరపాటే. ప్రారంభోత్సవం నాడు వల అల్లి చూపించమంటే వెళ్ళి కూర్చున్నాడు. వలకు అతికించాల్సిన నంబరు చీటీ ఆయన భుజానికి అతికింది. రిజిస్టరులోకి ఎక్కిన వస్తువు తనంతట తాను లేచి ఇంటికి వెళ్ళే పద్ధతి లేదు కనుక ఆయన కాళ్ళు లేవలేదు. సాయంత్రానికి చుట్టూ అద్దం బిగించారు.

భార్య పోలమ్మ మర్నాడే చేపల పులుసు గిన్నెతో వచ్చింది. టికెట్లిచ్చే మంగరాజు మంచివాడు.

"పొద్దున ఇస్కూలు పిల్లల్తో రద్దీగుంటాదమ్మా. బుధవారం మూడింటికి రా. పడమటి కిటికీలోంచి ఎండ ముఖమ్మీద పడతాది, బాగా కనబడతాడు. తాకకూడదు. తిండి లోపలికి తేకూడదు."

ఆమె బుధవారం మూడింటికి వెళ్ళింది. నిజంగానే బాగా కనబడ్డాడు. పెళ్ళయ్యాక ఆయన్ని అంత తీరిగ్గా చూడడం అదే మొదటిసారి.

"తిన్నావేటి?" అని అద్దం బయట నుంచి అడిగింది.

"ఆకలెయ్యదే. ఆకలి ఫైలు పై ఆఫీసుకెళ్ళిందంట. ఒంటి మీద దుమ్ము పడతంది, అదే సిరాకు."

క్యూరేటర్ విశ్వపతిగారు ఆమె గోడు ఓపిగ్గా విన్నారు. వస్తువుల్ని తాకే అధికారం శుభ్రం చేసే సిబ్బందికే ఉంది. ఆ పనిలోకి ఆమెనే తీసుకున్నారు. ప్రతి సోమవారం, మ్యూజియానికి సెలవు రోజున, పోలమ్మ మెత్తటి గుడ్డతో భర్త ముఖం తుడిచేది. చెవుల వెనక సంగతి నిబంధనల్లో ఎక్కడా లేదు కాబట్టి అక్కడ కాసేపు ఎక్కువే తుడిచేది.

వానాకాలం ముందు పార్కు విస్తరణ కోసం వాళ్ళ పేటను ఖాళీ చేయమన్నారు. పోలమ్మ ఇల్లున్న చోట ఇకమీదట బస్సులు ఆగుతాయి. ఆమె నోటీసు పట్టుకుని విశ్వపతిగారి దగ్గరకు వెళ్ళింది.

"పాతిక కిలోమీటర్లు లోపలికి పొమ్మంటన్నారు బాబూ. అక్కడ సంద్రం ఇనబడదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నా చేతిలో ఉన్నది ఒక్కటే, పోలమ్మా. ఇరవై ఎనిమిదో నంబరు ఖాళీగా ఉంది."

"మా ఆయన పక్కనేనా?"

"పక్కనే."

"మరి మా పేటోళ్ళు?"

"కొత్త హాలు మంజూరైంది. పట్టినంతమందిని సర్దుతాను."

మర్నాటి నుంచి పేటవాళ్ళు ఆధార్ కార్డులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఎవరూ కేకలు వేయలేదు. ముసలమ్మలు తల దువ్వుకుని మరీ వచ్చారు. పోలమ్మ అద్దం లోపలికి వెళ్ళి ఎర్రయ్య భుజానికి ఆనుకుని కూర్చుంది. ఆయన ఆమెకోసం కాస్త జరిగాడు. జరగడానికి అనుమతి లేదు. విశ్వపతిగారు చూడనట్టు తల తిప్పుకున్నారు.

ఇప్పుడు పార్కు కరపత్రంలో తప్పక చూడాల్సిన వాటిలో ఆ హాలు మొదటిది, సముద్రం రెండోది. మొన్నొక ఆదివారం ఒకావిడ అద్దం ముందు చాలాసేపు నిలబడి గార్డును పిలిచింది.

"అచ్చం ప్రాణమున్నట్టే ఉన్నారండీ! ఇలాంటివాళ్ళు ఇప్పుడెక్కడ ఉంటున్నారు?"

గార్డు అబద్ధం చెప్పే మనిషి కాదు.

"ఇక్కడేనమ్మా," అన్నాడు. "బయటెవరూ లేరు."