అద్దెల పటమున ఎరుపు నిలిచిన వైనము

భోజనానంతర నిద్రామదము ఉద్యోగుల కనురెప్పలపై గుదిబండయై వ్రేలాడు వేళ, పంకాల మూలుగులతోను కుర్చీల కిర్రుకిర్రులతోను దద్దరిల్లు పట్టణ ప్రణాళికా కార్యాలయమున, కిటికీ పక్క బల్లయొద్ద ఒక ఘోరసంగ్రామము జరిగెను. దాని నాయిక గణాంకాధికారిణి. అంకారణ్యసంచారిణి, పట్టికాఖడ్గధారిణి, చల్లారిన కాఫీని చిరునవ్వుతో త్రాగగల ధీరురాలు.

ఆమెను కదనమునకు పురికొల్పినది ఆమె వదిన. ఊరి ఆసుపత్రిలో నర్సు. జీతమునకు తగిన ఇల్లు ఊరిలో దొరకక, పొరుగూరినుండి బస్సులో నిలువుకాళ్లపై కునుకుపాట్లు పడుచు వచ్చుచుండెడిది. ఒకనాడు ఆ వదిన, "మీ ఆఫీసులో లెక్కలన్నీ ఉంటాయంటావుగా! నాబోటిది ఏ వీధిలో ఉండొచ్చో కాస్త చూసి చెప్పవే," అనెను.

అంతట ఆ ధీరురాలు నర్సుల, బస్సు డ్రైవర్ల, టీచర్ల, వంటవారల జీతములను ప్రాంతము నలుమూలలనుండి సేకరించి, పేటపేటకును అద్దెలనారసి, జీతమున మూడవవంతును మింగు పేటలనెల్ల పటముపై ఎరుపుతోను, చవకవానిని పచ్చతోను నింపెను. నింపి చూడగా ఊరు ఊరంతయు రుధిరప్రవాహప్లావితమై, ప్రళయాగ్నిజ్వాలాపరివేష్టితమై భగ్గుమనెను.

అప్పుడు విచ్చేసెను ముఖ్యాధికారి. సగటుప్రియుడు, సమీక్షాసభాసింహము, స్వతహాగా మంచివాడు.

"ఇదేంటమ్మా, ఊరికి తట్టు పోసినట్టుంది!"

"అద్దెలు సార్."

"రాష్ట్రం సగటు చూస్తే అంతా బాగానే ఉందిగా?"

"సగటు రాష్ట్రానిది సార్. అద్దె కట్టేది ఇక్కడివాళ్ళు."

"నిజమేలే. కానీ రేపు కమిటీవాళ్ళు జడుసుకుంటారు. కాస్త గులాబీ రంగు వెయ్యి."

అని పలికి, గదాదండమునుబోలు మౌసును తానే చేపట్టి గులాబీరంగును ప్రయోగించెను. ఆమె త్రుటికాలమున దానిని రద్దుచేసెను. అతడు నారింజను సంధించెను, అదియును రద్దయ్యెను. ఇటుకరంగు, దానిమ్మరంగు, వంగపండురంగు వరుసగా నేలకూలెను. పక్కబల్లలవారు నిద్ర మాని చూడసాగిరి.

"ఎరుపుని ఎరుపనే చెప్పాలి సార్," అని ఆ వీరనారి గర్జించెను. గర్జించి, గొంతు జీరపోవగా నీళ్ళు త్రాగెను.

అంతలో అధికారి కన్నులు మెరసెను. "అదిగో, పచ్చగా కూడా ఉందిగా! అబ్బో, ఎంత పెద్ద పేటో! మా అమ్మాయికి అక్కడే చూస్తాను. టీచరుద్యోగం వచ్చి ఏడాదైంది, ఇంకా మా హాల్లోనే పడుకుంటోంది పిచ్చిది."

"సార్... అది చెరువు."

పక్కబల్లలవారెల్లరు ఉత్కంధరులై తెరవైపు ఒరిగిరి.

"నీళ్ళలో అద్దె ఉండదు కదా సార్. కంప్యూటరు చవకనుకుంది," అని ఆమె సిగ్గుతో చెరువును చెరువుగా దిద్దెను. పటమున ఉన్న ఒక్క పచ్చదనము కూడ మాయమయ్యెను.

"మరి మా అమ్మాయి?"

"ప్రస్తుతానికి... హాల్లోనే సార్."

అతడు మౌసును మెల్లగా ఆమెవైపు జరిపెను. కళ్ళజోడు తీసి తుడుచుకొని, మరల పెట్టుకొని, పటమును మొదటిసారి చూచినట్లు చూచెను. "ఉంచెయ్యమ్మా. ఎరుపే ఉంచు."

మరునాడు సభామధ్యమున పటము ప్రత్యక్షము కాగానే సభ్యులొకరు, "తెర పాడైనట్టుందే?" అనిరి. నాయిక నోరు తెరచులోపలనే ముఖ్యాధికారి లేచి, "తెర బాగానే ఉందండీ, ఊరే అలా ఉంది," అనెను.

సభ చాలసేపు దగ్గెను. పిమ్మట, బస్సు డిపో వెనుకనున్న ఖాళీ స్థలమున పనివారలకు ఇళ్ళు కట్టించు విషయమును వచ్చే సమావేశమున చర్చించవలెనో వద్దో వచ్చే సమావేశమున చర్చించుటకు ఏకగ్రీవముగా తీర్మానించెను.

విజయగర్వోత్ఫుల్లముఖారవిందయై నాయిక మెట్లపై నిలిచి వదినకు ఫోను చేసెను.

"ఏమైందే? ఇల్లేమైనా దొరికేట్టుందా?"

"ఇల్లు కాదు గానీ వదినా, ఎరుపు దక్కింది!"

అవతలనుండి పెద్ద నవ్వు. "పోనీలే, అదన్నా దక్కింది. ఉంటానే, బస్సులో సీటు ఖాళీ అయింది!"

ఆ సాయంకాలము వదిన కూర్చుని ఇంటికి పోయెను. దిక్కులారా, వినుడు: జయము రెండు చోట్ల కలిగెను!