ఈస్ట్ స్టాండులో రెండు సీట్లు

"నాగరికత పుట్టేది నది ఒడ్డున కాదు, ఫుట్‌బాల్ మైదానం ఒడ్డున!"

సాగరిక ఇంజనీరింగ్ కాలేజీ చైర్మన్ గారు ఇలా ప్రకటించినప్పుడు ఫిల్మ్‌నగర్ విలేకరులు సమోసాలు నమలడం ఆపి మరీ రాసుకున్నారు. చైర్మన్ గారు ఒకప్పుడు సినిమా నిర్మాత. తీసిన సినిమా తీసినట్టు పోతూ ఉంటే, పోవడమంటే ఎరగని వ్యాపారం ఏదా అని వెతికి ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారు. ఊరంతా సాఫ్ట్‌వేరని కలవరిస్తున్న రోజులవి. పిల్లలు ఫెయిలవ్వాలే తప్ప కాలేజీ ఫెయిలయ్యే ప్రసక్తే లేదు!

ఆ మధ్య ఆయన అమెరికా వెళ్లొచ్చారు. అక్కడ కాలేజీ కుర్రాళ్ల ఫుట్‌బాల్ చూడటానికి ఊళ్లకు ఊళ్లు తరలివస్తాయనీ, సీజన్ టికెట్ల కోసం ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో పడి ఉంటారనీ, కొందరు మహానుభావులు తమ సీటును వీలునామాలో పిల్లలకు రాసి కన్నుమూస్తారనీ విని ఆయన కళ్లు చెమర్చాయి. అక్కడి ఫుట్‌బాల్‌ని ఎక్కువగా చేతులతో ఆడతారన్న సంగతి మాత్రం గమనించినట్టు లేదు.

రాగానే కాలేజీ వెనక కొండను సగం చదును చేయించి స్టేడియం కట్టారు. 'సాగరిక సింహాలు' అని టీము పెట్టారు. సీజన్ టికెట్లు అచ్చువేశారు. జూబిలీహిల్స్‌లో ఒక్కరూ కొనలేదు! మొదటి ఏడంతా సింహాలు ఖాళీ కుర్చీల మధ్య గర్జించి ఇళ్లకు పోయాయి.

చైర్మన్ గారు బెదరలేదు. తన పాత ఆఫీసు అటక మీంచి 'హౌస్‌ఫుల్' బోర్డు దింపించి స్టేడియం గేటుకు తగిలించారు. అంతే! సాయంత్రానికల్లా గేటు ముందు కార్లు బారులు తీరాయి. దొరికే వస్తువును ముట్టని పేట అది. దొరకదని తెలిశాక ఆగుతుందా?

సరిగ్గా ఆ రోజుల్లోనే కాశీవిశ్వనాథం జూబిలీహిల్స్‌లో ఇల్లు కట్టాడు.

ఆయనది తణుకు. అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ పెట్టి బాగా గడించాడు. జావా నేర్పుతామని బోర్డు పెట్టిన ఆయనకు కంప్యూటర్ గురించి తెలిసింది ఒక్కటే: దానికి ఏసీ ఉండాలి. ఇంటి ముందు ఫౌంటెన్ పెట్టించాడు. గృహప్రవేశానికి వీధి వీధంతా పిలిచాడు. ఎవరూ రాలేదు. ఎవరి బొకే వారు డ్రైవర్ చేత పంపించారు. ఆయన భార్య బాలాత్రిపురసుందరి పట్టుచీర కట్టుకుని బొకేలకే బొట్టు పెట్టి లోపలికి ఆహ్వానించినంత పని చేసింది.

ఒకరోజు పార్కులో పక్కింటి తిరుమలేశ్ వాకింగ్ చేస్తూ తగిలాడు. ఒకప్పుడు తాతలు జొన్నలు పండించిన భూముల మీద ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీలు పండిస్తున్న మనిషి.

"మీ స్టాండ్ ఏంది సార్?" అన్నాడు తిరుమలేశ్.

రాజకీయాల గురించి అడుగుతున్నాడనుకున్నాడు కాశీవిశ్వనాథం. "నాదెప్పుడూ మధ్యేమార్గమేనండీ."

"మధ్యల స్టాండే లేదు. ఈస్టా, వెస్టా?"

అప్పుడర్థమైంది, అది సాగరిక స్టేడియం గొడవని. ఏ స్టాండూ లేదని ఒప్పుకోగానే తిరుమలేశ్ పరామర్శిస్తున్నట్టు తల పంకించి, అడుగుల వేగం పెంచి వెళ్లిపోయాడు.

అదే వారం బాలాత్రిపురసుందరి తిరుమలేశ్ భార్య మనోజ ఇంట్లో కిట్టీ పార్టీకి వెళ్లి ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"స్టాండుల ప్రకారం కూర్చోబెట్టారండీ. ఈస్ట్ వాళ్లు సోఫాల్లో, వెస్ట్ వాళ్లు కుర్చీల్లో. నన్ను వంటింటి గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చోమన్నారు. అటు వెళ్తూ ఒకావిడ కప్పు నా చేతికిచ్చి, ఇంకొంచెం టీ తెమ్మంది."

"తెచ్చావా?"

"తెచ్చానండీ!" అంటూ ఆవిడ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

కాశీవిశ్వనాథానికి గుండెలో కలుక్కుమంది. మర్నాడే సాగరిక టికెట్ల ఆఫీసుకు వెళ్లాడు. సెక్రటరీ ఎంతో మర్యాదగా కుర్చీ చూపించాడు.

"ముందు వెయిటింగ్ లిస్టులో పేరు నమోదు చేయించుకోవాలండీ."

"చేసుకోండి మరి!"

"దానికి వేరే వెయిటింగ్ లిస్టుంది."

"పోనీ, అందులో రాయండి."

"అది మూసేశాం. మళ్లీ తెరవాలా వద్దా అన్నది కమిటీ నిర్ణయిస్తుంది."

"కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది?"

"కమిటీలో ఎవరుండాలో తేల్చడానికి ఉపసంఘం వేశామండీ. ఉపసంఘంలో చోటు కోసం కూడా ఒత్తిడి విపరీతంగా ఉంది."

ఒత్తిడి ఉండదా మరి? వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లు ఆ మాట విజిటింగ్ కార్డు మీద అచ్చు వేయించుకుంటున్నారు! పెళ్లి సంబంధాల్లో కుర్రాడి జీతం తర్వాత అడిగే ప్రశ్న స్టాండు గురించే!

"ఇంకో దారి లేదా?"

"పాస్ ఉన్నవాళ్లు ఎవరైనా అభిమానంతో మీ పేర బదిలీ చేయొచ్చు. అయితే అభిమానంతో ఏదైనా ఇచ్చేవారు ఈ చుట్టుపక్కల ఇంతవరకు మా దృష్టికి రాలేదు." సెక్రటరీ కాస్త ఆలోచించాడు. "ఎవరూ కొననప్పుడు కొన్న పెద్దాయన ఒకరున్నారు. వెంగళరావు నగర్లో రిటైరైన డ్రిల్లు మాస్టారు, సత్యనారాయణమూర్తి అని..."

కాశీవిశ్వనాథం కుర్చీలోంచి లేచిపోయాడు. సత్యనారాయణమూర్తి! తణుకు హాస్టల్లో ఒకే గదిలో ఒకే బొంత కప్పుకున్న స్నేహితుడు! జూబిలీహిల్స్ వాళ్ల ముందు స్కూటర్ మీద దిగుతాడేమోనని గృహప్రవేశానికి పిలవలేదంతే.

పూతరేకులు పట్టుకుని వెళ్లాడు. మూర్తి తలుపు తీసి, కౌగలించుకుని, ఇన్నాళ్లూ రాలేదేమని ఒక్క ముక్క అనకుండా కాఫీ పెట్టాడు. విషయం విని పగలబడి నవ్వాడు.

"నువ్వా! ఫుట్‌బాలా! హాస్టల్లో బంతి కనబడితే మంచం కింద దూరేవాడివి కదరా!"

"ఇప్పుడు పిచ్చి పట్టిందిరా మూర్తీ. నిద్రపట్టడం లేదు. నా ధ్యాసంతా స్టాండు మీదే... కాదు, ఆట మీదే!"

మూర్తి కళ్లు మెరిశాయి. "ఈ వయసులో నీకు ఆట మీద ప్రేమ పుట్టిందంటే నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. రెండు సీట్లు. మా ఆవిడ కూడా వచ్చేది. ఆవిడ పోయాక ఆ సీట్లో నా సంచీ పెట్టుకుంటున్నాను. మీ దంపతులు కూర్చుంటే నిండుగా ఉంటుంది. తీసుకెళ్లు."

"మరి నువ్వో?"

"నాకేంరా, ఎక్కడినుంచైనా చూస్తాను."

కాశీవిశ్వనాథానికి తప్పు చేస్తున్నానేమో అనిపించింది. కారు యూసుఫ్‌గూడ దాటేసరికి ఆ అనుమానం పోయింది.

ఆదివారం మ్యాచ్. కాశీవిశ్వనాథం సూటు వేశాడు. బాలాత్రిపురసుందరి కంచిపట్టు కట్టి, ఉన్న నగలన్నీ పెట్టుకుంది. ఈస్ట్ స్టాండు గేటు దగ్గర ఒక మనిషి మెడలో విజిల్ వేసుకుని, వచ్చినవాళ్లను ఎగాదిగా చూసి విడదీస్తున్నాడు.

"రిచ్ బ్యాచ్ ఇటు! మాస్ బ్యాచ్ అటు వెస్టు దిక్కు! జల్దీ నడువుండ్రి, కెమెరా వచ్చింది!"

అతని పేరు ఓదెలు. సినిమాలకు జూనియర్ ఆర్టిస్టులను పంపే ఏజెంటు. కాశీవిశ్వనాథం దర్జాగా పాస్ తీసి చూపించాడు. ఓదెలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంది సార్? నిజం పాసా? ఏడ దొరికింది?"

"ఏడ దొరకడమేంటయ్యా! సీజన్ టికెట్ నాది!"

"పాసున్నోళ్లు ఎవ్వలూ రారు సార్. ఒక్క వెంగళరావు నగర్ సార్ వస్తుండె, గంతే. కుర్సీలు ఖాళీగుంటే కేబుల్ టీవీల మంచిగ కనబడదని చైర్మన్ సాబ్ మాకు డ్యూటీ ఏసిండు. పాసున్నోళ్ల జాగల మేము కూసుంటం, వాళ్ల లెక్క చప్పట్లు కొడ్తం."

కాశీవిశ్వనాథం స్టాండులోకి తొంగిచూశాడు. స్టాండు కిక్కిరిసి ఉంది. సూట్లు, నల్లకళ్లద్దాలు, ముత్యాల హారాలు! జూబిలీహిల్స్ అంతా అక్కడే కూర్చున్నట్టుంది. తీరా చూస్తే అంతా కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, బోరబండ జూనియర్ ఆర్టిస్టులు! మూర్తి ఇచ్చిన రెండు సీట్లలో ఒకదాంట్లో ఒకాయన పారిశ్రామికవేత్తలా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"అది నా సీటు! లేవమను!"

"గట్లెట్ల లేస్తడు? జర నిన్ను నువ్వు చూస్కో అంకుల్. కోటు మంచిగనే ఉంది, మొకమే రిచ్ లేదు. టీవీల పడితే మా పేరు ఖరాబైతది."

"నేను ఈ సీటు ఓనర్ని! జూబిలీహిల్స్‌లో ఉంటాను! తెలుసా?"

"డైలాగ్ మస్తు చెప్తున్నవ్. ఈసారి సినిమాల చూద్దాం. ఇప్పుడైతే మాస్ బ్యాచ్‌ల కూసో." అని ఓదెలు బాలాత్రిపురసుందరి వైపు తిరిగాడు. "అమ్మ ఓకే. లోపలికి పోండమ్మా, రెండో సీటు మీదే."

కాశీవిశ్వనాథం మండిపడి, "పద, పోదాం!" అన్నాడు భార్యతో.

బాలాత్రిపురసుందరి సందేహించింది. ఈ పేటకొచ్చాక, కూర్చోమని ఆవిణ్ని పిలిచిన మొదటి మనిషి ఓదెలు.

"ఏవండీ, ఇంతదూరం వచ్చాక... నేను కూర్చుంటానండీ," అని లోపలికి వెళ్లిపోయింది. పక్క సీట్లో బుచ్చమ్మ అనే బోరబండ మనిషి, మెడనిండా గాజు వజ్రాలతో, జరిగి చోటిచ్చింది. "కూసో అక్కా. విజిల్ ఒక్కటి కొడితే నవ్వాలె. రెండు కొడితే లేచి చప్పట్లు. గంతే."

మాస్ బ్యాచ్‌లో కూర్చోలేక కాశీవిశ్వనాథం సూటుతో స్టేడియం వెనక కొండరాళ్లు ఎక్కాడు. అక్కడ ఒక బండ మీద పేపరు పరుచుకుని సత్యనారాయణమూర్తి వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు.

"ఏరా, సీటేమైంది?"

"కిక్కిరిసిపోయిందిరా," అన్నాడు కాశీవిశ్వనాథం. ఈ మధ్య మూర్తికి ఆయన చెప్పిన నిజం అదొక్కటే.

"మంచిదే. ఇక్కడ గాలి బాగుంటుంది, కూర్చో."

ఆట మొదలైంది. చాలాసేపు ఎవరూ గోల్ వేయలేదు. చివర్లో సాగరిక డిఫెండర్ కంగారుపడి బంతిని తన్నిన తన్నుకు అది వెళ్లి సొంత గోల్‌లోనే పడింది! మైదానంలో సింహాలు తలలు పట్టుకున్నాయి. ఓదెలు మాత్రం గోల్ అంటే గోలే అనుకుని రెండు విజిళ్లు ఊదాడు. ఈస్ట్ స్టాండంతా ఒక్కసారి లేచి హర్షధ్వానాలు చేసింది. మూర్తి కడుపు పట్టుకుని నవ్వాడు. కాశీవిశ్వనాథం కూడా, ఎప్పుడు లేచాడో ఏమో, బండ మీద నిలబడి టై ఊడదీసి ఊపుతూ, "అటు కాదురా వెధవా, ఇటు!" అని అరుస్తున్నాడు. జూబిలీహిల్స్ వచ్చాక ఆయన మనసారా అరవడం అదే మొదలు. ఒళ్లంతా తేలికపడినట్టనిపించింది.

సాయంత్రం తిరుమలేశ్ ఇంట్లో విందు. ఈస్ట్ స్టాండు వారికి మాత్రమే! కాశీవిశ్వనాథం దంపతులకు ఈసారి సోఫాలో చోటు దొరికింది. అందరూ మ్యాచ్ గురించే.

"లాస్ట్‌ల మనోడు ఏం గోల్ కొట్టిండు! స్టాండ్ మొత్తం లేచి నిలబడ్డం!" అన్నాడు తిరుమలేశ్. కేబుల్ టీవీలో చప్పట్లు మాత్రమే వేశారు మరి.

"నాకైతే గొంతు పోయింది," అంది మనోజ కోకిలలాంటి గొంతుతో.

బాలాత్రిపురసుందరి అమాయకంగా అంది: "అది మనవాడు మన గోల్‌లోనే వేసుకున్నాడండీ. మనం ఓడిపోయాం. నేను మొదటి వరసలోనే ఉన్నాను. అవునూ, మీరెవరూ అక్కడ కనబడలేదేంటి?"

హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"ఏంది మీరనేది? మేం రాలేదంటరా?" అంది మనోజ. "అసలు మీరు వచ్చిన్రా? ఏ మ్యాచ్ చూసిన్రో ఏమో!"

పదిమంది కళ్లూ కాశీవిశ్వనాథం మీద పడ్డాయి. ఆయన భార్య కూడా ఆయన వైపే చూసింది. ఒక్క మాట చాలు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మా ఆవిడకి దూరం చూపు ఆనదండీ. అద్దాలు మార్చాలి. ఆ గోల్ మనదే! నేను సరిగ్గా మీ వెనకే కూర్చున్నాను కదా తిరుమలేశ్ గారూ!"

"అవ్ మల్ల! నేను చూసిన గద!" అని తిరుమలేశ్ లేచి వచ్చి ఆయన భుజం చుట్టూ చెయ్యి వేశాడు. హాలంతా ఊపిరి పీల్చుకుంది. ఆ క్షణం నుంచి కాశీవిశ్వనాథం జూబిలీహిల్స్ పౌరుడయ్యాడు!

ఇంటికి వచ్చాక బాలాత్రిపురసుందరి ఒక్క మాటే అంది. "నా కళ్లు బాగానే ఉన్నాయండీ."

మరుసటి ఆదివారం ఆవిడ మామూలు చీర కట్టుకుని, అటుకుల డబ్బా సంచీలో పెట్టుకుని ఆటో ఎక్కింది. బుచ్చమ్మ తనకోసం చూస్తూ ఉంటుందట. నగలు అక్కడే ఇస్తారట.

కాశీవిశ్వనాథానికి కొండ ఎక్కాలనే ఉంది. కానీ కొండ మీద కూర్చునేది టికెట్ దొరకనివాళ్లని పార్కులో తిరుమలేశ్ నిన్ననే చీదరించుకున్నాడు. ఎవరైనా చూస్తే? స్టాండుకు వెళ్దామా అంటే ఓదెలు! పోనీ ఇంట్లో ఉందామంటే, మ్యాచ్ వేళ ఇంట్లో కనబడ్డవాడికి స్టాండు లేదనేగా అర్థం! బాగా ఆలోచించి ఖాళీ కారును డ్రైవర్ చేత స్టేడియానికి పంపించేశాడు. ఫౌంటెన్ ఆపేశాడు. కర్టెన్లన్నీ వేసి, ఫ్యాన్ ఆపి, చీకటి గదిలో కూర్చున్నాడు. కర్టెన్ సందులోంచి చూస్తే వీధి వీధంతా కర్టెన్లే. ఒక్క ఇంటి ముందూ కారు లేదు. తిరుమలేశ్ ఇంట్లో కుక్క ఒక్కటి మొరుగుతోంది.

ఇంతలో ఫోన్ మోగింది. అలవాటు చొప్పున ఎత్తేశాడు.

"హలో?"

కుక్క మొరుగుతోంది, రిసీవర్లోనూ, కిటికీలోంచీ, ఒకేసారి.

"...కాశీవిశ్వనాథం సారేనా?" అంది చివరకు తిరుమలేశ్ గొంతు, మెల్లగా.

కాశీవిశ్వనాథం రిసీవర్ మీద రుమాలు కప్పాడు. గొంతు మార్చాడు.

"అయ్యగారు లేరండీ. మ్యాచ్‌కి వెళ్లారు."

"గట్లనా?" అంది ఆ గొంతు, అమ్మయ్య అన్నట్టు. "సరే. వచ్చినంక చెప్పు. తిరుమలేశ్ సార్ స్టేడియం నుంచి ఫోన్ చేసిండని."