బావ వాచీ చల్లగా ఉండాలి

స్నేహితుడితో కలిసి నాలుగు రోజులు కాలినడకన తిరిగి రావాలనుకునే వారికి నాదొక ఉచిత సలహా. స్నేహితుడు కాస్త అటూ ఇటూగా ఉన్నా సర్దుకుపోవచ్చు. అతని చేతికి స్మార్ట్ వాచీ మాత్రం ఉండి తీరాలి!

నవ్వకండి. ఆరు రోజులు, నూట పది కిలోమీటర్లు నడిచి వచ్చినవాడిని చెబుతున్నాను. బొబ్బల మచ్చలు ఇంకా పోలేదు. దారిలో సొంతంగా పానీయాలు తయారుచేసుకుని అమ్ముకునే నలుగురి ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ చేత్తో పోసింది తాగి రావాలన్నది ప్లాన్. ప్లాన్ నాది, వాచీ బావది.

బావంటే వరసకు ఏమీ కాడు, పిలుపుకు బావ. మా పత్రికలో ప్రూఫులు దిద్దుతాడు. పంతొమ్మిదేళ్ళుగా ఎదురెదురు టేబుళ్ళ దగ్గర కూర్చుంటున్నాం. ఈ కాలమ్‌లో నేను చేసిన తప్పులన్నీ అతనొక్కడికే తెలుసు.

ఆ బావ ఉద్యోగం మానేసి, ఈ ఊరే వదిలేసి, వాళ్ళ అక్క ఊరికి వెళ్ళిపోతున్నాడట. ఈ సంగతి నాకు ఆఫీసు లిఫ్ట్ ఆపరేటర్ చెప్పాడు. బావ చెప్పలేదు. నిజమేనా? నిజమైతే నాకెందుకు చెప్పలేదు? ఆరు రోజుల్లో ఏదో ఒక పూట అడిగేద్దామని బయలుదేరాను. రోడ్డు మీద మేమిద్దరమే కదా, అడ్డొచ్చేదెవరు?

మొదటి కిలోమీటరులోనే గొంతు సవరించుకున్నాను.

"బావా, నిన్నొకటి అడగాలి."

"ఆగాగు." వాచీ చూసుకున్నాడు. "గుండె నూట పద్దెనిమిది కొట్టుకుంటోంది. మాట్లాడితే ఇంకా పెరుగుద్ది. ఈ గుట్ట ఎక్కాక అడుగు."

గుట్ట ఎక్కాం. పదహారు అంతస్తులు ఎక్కినందుకు వాచీ మమ్మల్ని అభినందించింది. ఆ అభినందనను ఫొటో తీసి పదకొండు మందికి పంపేసరికి గుట్ట దిగిపోయాం. చూశారా, ఎంత ఉపకారమో? వాచీ లేకపోతే గుట్ట మీదే అడిగేసి, అతను అవునంటే, దిగేటప్పుడు అడుగు చూసుకోక పడేవాడిని!

మొదటి మజిలీ అల్లం సోడా తయారుచేసే ఆయన దగ్గర. ముందు గదిలోనే సీసాలు కడిగే తొట్టి, దాని పక్కన గ్యాస్ సిలిండర్, గోడ పొడుగునా అల్లం బస్తాలు. ఆయన సీసా మూత తీసి చేతికిచ్చాడో లేదో, వాచీ గట్టిగా మోగింది. నీళ్ళు తాగే టైమ్ అయిందట! సోడా ఆయన మొహం చిన్నబోయింది. బావ ఆయన సీసా పక్కన పెట్టి, సంచిలోంచి తన నీళ్ళ సీసా తీసి గటగటా తాగాడు. అంతటితో ఆగితే బాగుండేది. ఆ రోజు లెక్కకు ఇంకా పద్దెనిమిది వందల అడుగులు తక్కువయ్యాయని, సోడా పట్టుకుని తొట్టి చుట్టూ ప్రదక్షిణలు మొదలుపెట్టాడు.

"కూర్చుని తాగండి సార్, నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అన్నాడు సోడా ఆయన.

"కూర్చుంటే లెక్కకు రాదండీ," అన్నాడు బావ తిరుగుతూనే.

మీరే చెప్పండి, మన చిన్నప్పుడు ఇంత క్రమశిక్షణ ఉండేదా? దాహం వేస్తే తాగేవాళ్ళం, అలసిపోతే కూర్చునేవాళ్ళం. ఎంత మొరటుతనం!

మూడో రోజు మధ్యాహ్నానికి యాపిల్ రసం పులియబెట్టే పెద్దావిడ ఇంటికి చేరాం. ఆమె పని పద్ధతే వేరు. కొయ్య పీపాకు చెవి ఆనించి, చెయ్యి పైకెత్తి, గదిలో ఉన్నవాళ్ళందరినీ ఊరుకోమంటుంది. లోపల బుసబుస వినిపిస్తే రసం ఇంకా తయారవలేదన్నట్టు. చప్పుడు పూర్తిగా ఆగేదాకా కుళాయి తిప్పనివ్వదు.

"ఇంకా నాలుగు రోజులు పడుద్ది," అని చెప్పి, మాకు పోయడానికి పాత పీపాలోది తెస్తానని లోపలికి వెళ్ళింది.

బావకు ఆ చెవి పద్ధతి నచ్చలేదు. ఈ కాలంలో చెవులను ఎవరు నమ్ముతారు? వాచీ విప్పి పీపా కుళాయి మెడకు కట్టాడు. నా మాట అబద్ధమైతే నా కాలమ్ ఆగిపోవుగాక, వాచీ పీపా గుండె కొలిచింది! నిమిషానికి యాభై ఎనిమిది!

"నాకంటే ఆరోగ్యంగా ఉంది బావా. ఇంక తాగెయ్యొచ్చు," అని కుళాయి తిప్పాడు.

నురగ ఎగజిమ్మి ముందు అతని కళ్ళజోడు మీద, ఆ తరువాత నా చొక్కా మీద, ఆఖరికి సున్నం వేసిన గోడ మీద పడింది. పెద్దావిడ పరుగున వచ్చి కుళాయి కట్టేసింది. పీపాకున్న వాచీని చూసింది. మా ఇద్దరినీ చూసింది.

"నలభై ఏళ్ళ నుంచీ వింటున్నా నాయనా. దీనికి గుండె ఉందని ఇవాళే తెలిసింది," అని చెరొక గుడ్డ చేతికిచ్చింది. "తుడవండి."

మోకాళ్ళ మీద పక్కపక్కనే కూర్చుని నేల తుడుస్తున్నాం. ఇద్దరం పడీపడీ నవ్వుతున్నాం. పంతొమ్మిదేళ్ళలో అంతలా నవ్వుకున్నది లేదు. అడగడానికి అంతకంటే మంచి అదను దొరకదు. "బావా..." అన్నాను. మళ్ళీ అతని మణికట్టుకెక్కిన వాచీ కుయ్యిమంది. కూర్చుని చాలాసేపయింది, లేచి తిరగమంది. బావ గుడ్డ పారేసి లేచాడు.

ఇక వాచీ చేసిన మహోపకారం నాలుగో రోజున జరిగింది. బీరు కాచే ఆయన తన షెడ్డులో నానబెట్టిన బార్లీ గంగాళం చూపించాడు. వాసన చూద్దామని బావ ఒక్కసారిగా వంగాడు. అతను పడిపోయాడని వాచీ కంగారుపడింది. మరుక్షణం వాళ్ళ అక్కకు ఫోన్ కలిపేసింది! గంగాళంలోంచి అక్కయ్య గొంతు ఖంగుమంది.

"తమ్ముడూ, ఎక్కడ పడ్డావురా?"

"నేనెక్కడా పడలేదక్కా!"

"నాకు అబద్ధాలు చెప్పకు, వాచీ చెప్పింది! ఈ వయసులో నీకా నడకలేంట్రా? ఎలాగూ నెలాఖరుకి సామానుతో సహా ఇక్కడికి వచ్చేస్తున్నావు కదా. గది కూడా సున్నం వేయించి ఉంచా. కాళ్ళూ చేతులూ సరిగ్గా ఉండగానే రా!"

ఫోన్ ఆగిపోయింది. బావ నా వైపు చూశాడు. నేను బార్లీని చూశాను. బీరాయన ఏమీ అర్థంకాక మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. బావ ఏదో చెప్పబోయి, మణికట్టు వైపు చూసి, "ఇంకా రెండు వేల అడుగులున్నాయి, పద," అన్నాడు. నేను లేడిపిల్లలా ముందుకు నడిచాను.

ఇప్పుడైనా ఒప్పుకుంటారా? ఒక మనిషి పంతొమ్మిదేళ్ళ స్నేహితుడికి చెప్పలేకపోయిన మాటను వాచీ అర నిమిషంలో చెప్పించేసింది!

ఆరో రోజు ద్రాక్ష వైను చేసే దంపతుల పెరట్లో బల్ల మీద కూర్చున్నాం. ఎదురుగా రెండు గ్లాసులు. అప్పుడే వాచీ ఆరిపోయింది. చార్జరు బీరాయన షెడ్డులో మరిచిపోయి వచ్చాడు. మణికట్టు నల్లగా ఉంది. అడుగులు లేవు, గుండె లేదు, నీళ్ళు తాగమనేవాళ్ళు లేరు. పెరట్లో తేనెటీగల చప్పుడు తప్ప ఏమీ లేదు.

బావ గ్లాసు బల్ల మీద పెట్టి, నా మొహంలోకి సూటిగా చూశాడు.

"మొదటి రోజు నుంచీ ఏదో అడగాలంటున్నావుగా. ఇప్పుడడుగు."

ఎందుకు చెప్పలేదు బావా? అంతే కదా నేను అడగాల్సింది. నాలుగు ముక్కలు కూడా లేవు. దానికి అతనేం చెబుతాడో కూడా నాకు తెలుసు. నీకెలా చెప్పాలో తెలియక చెప్పలేదు అంటాడు. అప్పుడు నేను, నువ్వు వెళ్ళొద్దు అనాలి.

లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను.

"ఏమండీ, మీ దగ్గర ఈ వాచీకి పట్టే చార్జరేమైనా ఉందా?" అని అడిగాను.

ఉంది. ఉంటుందని నేనెలా అనుకుంటాను?

నెలాఖరుకు బావ వెళ్ళిపోయాడు. నా కాలమ్ ఇప్పుడు కొత్తాయన దిద్దుతున్నాడు. మంచివాడే, నవ్వడు. వెళ్ళేముందు బావ నా ఫోన్ తీసుకుని ఏవేవో నొక్కి, తన అడుగుల లెక్క రోజూ నాకు కనబడేలా పెట్టాడు. ఇంతకంటే ఏం కావాలి చెప్పండి? ఉత్తరాలు రాసుకున్న రోజుల్లో స్నేహితుడు ఫలానా మంగళవారం పదకొండు వేల అడుగులు నడిచాడని ఎవరికైనా తెలిసేదా?

పోయిన వారం నుంచి మాత్రం అతని లెక్క రోజుకు వంద దాటడం లేదు. కాలు బెణికిందో, జ్వరమో, అక్కయ్య బయటికి వెళ్ళనివ్వడం లేదో. ఫోన్ చేసి అడగొచ్చు. నంబరు నాకు కంఠతా వచ్చు.

అందుకే వెళ్ళి నేనూ ఒక వాచీ కొనుక్కున్నాను. నా లెక్క బావకు కనబడేలా పెట్టుకున్నాను. మూడు రోజులుగా కుర్చీలోంచి లేవడం లేదు. నా అడుగులు అలా సున్నా దగ్గరే ఉండిపోతే, ఏమైందోనని అతనే ఫోన్ చేస్తాడు కదా.