మా అన్నయ్యగారి ఓటమి పాఠాలు

చదరంగంలో ఓడిపోయాక, మీ తప్పులన్నీ వరసగా విడమరిచి చెప్పే మనిషి మీ ఇంట్లో లేడా? అయితే మీరు దురదృష్టవంతులు! గెలుస్తూ బతికేస్తున్నారన్నమాట. ఇక బాగుపడేదెప్పుడు?

నాకా లోటు లేదు. మా పైవాటాలో నా తోడల్లుడుగారు ఉంటారు. పళ్ల డాక్టరు. వరసకి అన్నయ్యగారు. ప్రతి ఆదివారం చంకలో బోర్డు పెట్టుకుని దిగుతారు. టీ చల్లారేలోగా నన్ను ఓడిస్తారు.

ఆట అయిపోయిందని సంబరపడకండి. అసలు కార్యక్రమం అప్పుడే మొదలవుతుంది. ఆయన ఫోన్‌లో ఒక యాప్ ఉంది. నా ఎత్తులన్నీ అందులో ఎక్కిస్తారు. తప్పు ఎత్తు కనబడితే చాలు, అది ఎర్రచుక్క పెడుతుంది. నా ఆటకి తట్టు పోసినట్టుంటుంది!

“గుర్రాన్ని ఇక్కడెందుకు పెట్టావు తమ్ముడూ?”

“గడి ఖాళీగా ఉందని...”

“ఖాళీగా ఉంటే పెట్టేయడమేనా? ఓడిపోతేనే బుర్ర పెరుగుతుంది. నేర్చుకో!”

నేర్చుకున్నాను. మధ్య గళ్లు ఆక్రమించినవాడిదే ఆట అన్నారు. మర్నాడు ఆఫీసు మీటింగులో బల్లకి సరిగ్గా మధ్యనున్న కుర్చీ ఆక్రమించాను. అది మేనేజరుదట! పెద్ద లాభం కోసం బంటుని వదులుకోవాలన్నారు. సోఫా కోసం టీవీ రిమోట్ వదులుకున్నాను. ఇప్పుడు ఆ సోఫాలోనే దర్జాగా కూర్చుని మా ఆవిడ పెట్టిన సీరియళ్లన్నీ చూస్తున్నాను. ఎదుటివాళ్ల ఎత్తు ముందే ఊహించమన్నారు. మా ఆవిడ నోరు తెరవకముందే సారీ చెప్పాను. దేనికని అడిగింది. ఇప్పటికీ అడుగుతూనే ఉంది!

ఇంత చదువు ఊరికే పోతుందా? మొన్నొక ఆదివారం ఘోరం జరిగిపోయింది. అన్నయ్యగారు తన మంత్రిని తెచ్చి నా శకటు దారిలో నిలబెట్టారు. తీసేసుకున్నాను. కాసేపటికి ఆయనకి ఆటకట్టు!

“అన్నయ్యగారూ, ఫోన్ తీయండి. నేర్చుకుందాం!” అన్నాను ఉత్సాహంగా.

“ఛార్జింగ్ లేదు.”

“నా ఫోన్‌లో చూద్దాం.”

“అసలిక్కడ వెలుతురు సరిగా లేదయ్యా. ఇది లెక్కలోకి రాదు,” అంటూ బోర్డు మడిచేశారు. ఒక బంటు సోఫా కిందికి దొర్లినా వంగి తీసుకోలేదు.

తర్వాతి ఆదివారం ఆయన దిగలేదు. మెట్ల మీద ఎదురైతే గోడవైపు చూస్తూ వెళ్లిపోయారు. మా ఆవిడ నన్ను నిలదీసింది.

“బావగారు అన్నం కూడా సరిగా తినట్లేదని అక్క ఫోన్ చేసింది. ఏం చేశారు ఆయన్ని?”

“ఏం చేయలేదు. గెలిచాను.”

“ఎందుకు గెలిచారు?”

ఈ ప్రశ్నకి ఏ యాప్‌లోనూ జవాబు లేదు. పైగా నా దవడ పన్నొకటి ఆయన క్లినిక్‌లో సగం తవ్వించుకుని ఉన్నాను. సాయంత్రం పైకెళ్లి, బతిమాలి, ఆటకి కూర్చోబెట్టాను. ఓడిపోదామని చూస్తే అదెంత కష్టమండీ! ఆయన నాకంటే వేగంగా ఓడిపోతున్నారు. చివరికి నా మంత్రిని చేతికందించినంత పని చేసి ఊపిరి పీల్చుకున్నాను. ఫోన్ వెంటనే బయటికొచ్చింది. తట్టు మళ్లీ నాకే పోసింది. వదినగారు లోపలినుంచి తొంగిచూసి, నావైపు దణ్ణం పెట్టినంత పని చేశారు.

మర్నాడు క్లినిక్‌లో నా పన్ను తవ్వుతూ అన్నయ్యగారు ఎంతో ప్రేమగా అన్నారు: “నీలో ఒక గొప్ప గుణముంది తమ్ముడూ. ఎన్నిసార్లు ఓడిపోయినా మొహం మాడ్చుకోవు. అది అందరికీ రాదు.”

నిజమే, రాదు. రానివాళ్లలో ఒకాయన ఎవరో చెప్పబోయాను. కానీ నోటినిండా దూది, పైన డ్రిల్లు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను!