నిద్రపోయే పావురం రంగు

శనివారం పొద్దున బెరిల్ వేసుకున్న పథకం చిన్నదే. తాను జుట్టు సెట్ చేయించుకుని వచ్చేలోగా మొగుడు డెనిస్ ముందు గది గోడ మీద నాలుగు రంగులూ నాలుగు చిన్న గడులుగా పూసి ఉంచాలి. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి అక్క ఈనిడ్ వస్తుంది. ఆమె వచ్చేలోగా ఏ రంగో తేల్చేసుకోవాలి.

ముందే తేల్చుకోకపోతే తేలేది ఈనిడ్ రంగే. తల్లి లేని ఇంట్లో బెరిల్‌ని పెంచింది ఆమె. బెరిల్ పెళ్లి గౌను ఈనిడ్ ఎంచింది. వంటింటి పలకలు ఈనిడ్ ఎంచింది. కర్టెన్లు, సోఫా, చివరికి టీకప్పులు కూడా ఆమెవే. డెనిస్ ఒక్కడినే బెరిల్ సొంతంగా ఎంచుకుంది. ఆ సంగతి ఈనిడ్ ఇప్పటికీ మరిచిపోలేదు.

"ఈ ఒక్క గది నాది డెనిస్," అంది బెరిల్ కోటు గుండీలు పెట్టుకుంటూ. "రంగు నేను చెప్తా. సరేనా?"

"ఊఁ."

"ఒక్కోటీ రెండు పూతలు వెయ్యి. కింద పెన్సిల్‌తో పేరు రాయి. డబ్బాలో చూస్తే నాలుగూ ఒక్కలాగే ఏడుస్తున్నాయి. గోడ మీదైతే తెలుస్తుంది."

"ఊఁ."

"ఊఁ కాదు. ఏవేం రంగులో చదువు, విందాం."

డెనిస్ కళ్ళద్దాలు పెట్టుకుని చిన్న డబ్బాల మీద పేర్లు చదివాడు. "పాత ఇనుము. రేపటి వాన. గొర్రెల బాట. నిద్రపోయే పావురం." తలెత్తి చూశాడు. "ఇవి రంగులేనా?"

"ముదురు బూడిదలు. ఇప్పుడు ఓల్డమ్ ఊరంతా అవే. నువ్వు మాత్రం ఆ పావురాన్ని కాస్త జాగ్రత్తగా పూయి," అని బెరిల్ వెళ్ళిపోయింది.

జాగ్రత్తగా పూయమంది కదా అని డెనిస్ పావురంతోనే మొదలుపెట్టాడు. నేల మీద పేపర్లు పరిచాడు. నాలుగు మూతలూ తీశాడు. పావురం డబ్బా చేతిలో పట్టుకుని గోడ వైపు తిరిగాడు. సోఫాలో డ్యూక్ నిద్రపోతోంది. ఒకప్పుడు పందేల్లో పరుగెత్తిన కుక్క అది. ఇప్పుడు భోజనానికి తప్ప లేవదు, పోస్ట్‌మాన్ వస్తే తప్ప. ఆ పోస్ట్‌మాన్ అప్పుడే వచ్చాడు. తలుపులో ఉత్తరాలు వేసే రేకు టప్పుమంది. డ్యూక్ ఒక్క దూకు దూకి గది దాటింది. దాని తోక కూడా వెనకాలే దాటింది. మిగిలిన మూడు డబ్బాలూ బోర్లా పడ్డాయి.

పేపర్లు రంగంతా తాగేశాయి. తివాసీకి అంటలేదు, అదొక్కటే అదృష్టం. డెనిస్ పేపర్లు, ఖాళీ డబ్బాలు చుట్టగా చుట్టి చెత్తడబ్బాలో కుక్కాడు. తడిగుడ్డతో డ్యూక్ తోక తుడిచాడు. తర్వాత నిలబడి ఆలోచించాడు. రంగుల కొట్టుకి రెండు బస్సులు మారాలి. ఆ లోపల బెరిల్ వచ్చేస్తుంది. గోడ మీద గడులు లేకపోతే రేపు ఈనిడ్ తన సంచీలోంచి తన రంగులు తీస్తుంది.

డెనిస్ జీవితమంతా ఓల్డమ్‌లో బస్సు నడిపాడు. రావలసిన బస్సు రాకపోతే డిపోలో ఏం చేస్తారో అతనికి తెలుసు. ఉన్న బస్సుకే నంబరు మార్చి పంపుతారు. అతనూ అదే చేశాడు. నాలుగు గడులూ పావురంతోనే పూశాడు. రెండేసి పూతలు. కింద నాలుగు పేర్లూ నీటుగా రాశాడు. బెరిల్ మనసు పావురం మీదే ఉంది. అదే ఎంచుతుంది, అదే కొంటారు. ఇందులో ఎవరికి నష్టం? దూరంగా జరిగి చూసుకున్నాడు. చిత్రం, రేపటి వాన కాస్త నీలంగా కనబడింది.

బెరిల్ వచ్చి, జుట్టు కదలకుండా మెడ తిప్పి, గోడని చాలాసేపు చూసింది.

"అబ్బా, ఎంత తేడా! డబ్బాలో చూస్తే తెలిసిందా మనకి? ఆ పాత ఇనుము మరీ బరువు. పావురం చూడు, ఎంత వెచ్చగా ఉందో."

"ఊఁ," అన్నాడు డెనిస్.

అక్కడితో ఆగిపోవలసింది. కాని కేకు గిన్నె తిరిగిచ్చి పోదామని పక్కింటి వినిఫ్రెడ్ వచ్చింది. గోడ చూసింది. గిన్నె చేతిలోనే ఉండిపోయింది.

"ఆ గొర్రెల బాట వద్దే తల్లీ. పచ్చ కొడుతోంది."

"పచ్చా? నాకు కనబళ్ళేదే."

"ఇలా వచ్చి నించో. వంగు. కనబడిందా? పాత ఇనుమైతే మా ఆయన్ని శ్మశానానికి తీసుకుపోయిన బండి రంగు. రోజూ చూడాలంటే నీ ఇష్టం మరి. నువ్వేమంటావు నాయనా డెనిస్?"

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయి," అన్నాడు డెనిస్. అది నిజం. అతనికి నిజం చెప్పే అవకాశం ఆ రోజు మళ్ళీ రాలేదు.

"మగాళ్ళకి కళ్ళెందుకిచ్చాడో దేవుడు," అంది వినిఫ్రెడ్.

ఆమె నోట పడ్డ మాట వీధి చివరి దాకా వెళ్ళింది. ఎదురింటాయన వచ్చాడు. మూల ఇంటి అక్కచెల్లెళ్ళు వచ్చారు. అందరూ గుమ్మంలో బూట్లు తుడుచుకుని, ఒక్క క్షణమే ఉంటామని చెప్పి, టీ తాగారు. కర్టెన్ వేసి చూశారు, తీసి చూశారు. దీపం పెట్టి చూశారు. కుర్చీ ఎక్కి చూశారు. మూల ఇంటి పెద్దామెకి రేపటి వాన నచ్చింది, చిన్నామె దానికి వీపు తిప్పి టీ తాగింది. ఇద్దరూ వేరువేరుగా ఇంటికి వెళ్ళారు. డెనిస్ కూర్చోలేకపోయాడు. లేచి డ్యూక్‌ని బయట తిప్పి తెచ్చాడు. మళ్ళీ తిప్పాడు. ఇంకోసారి గొలుసు తీసేసరికి డ్యూక్ సోఫా కిందికి దూరింది.

ఆదివారం ఈనిడ్ వచ్చింది. టోపీ తీయకుండానే గోడ ముందు నిలబడింది.

"ఇవేనా? నాకు ముందే చెప్పొద్దుటే? ఉత్తరం కిటికీ గది ఇది. ఉత్తరం వెలుగులో బూడిద రంగు ఆడే ఆటలు నాకు తెలుసు, నా ఇల్లంతా అదే." వేలితో ఒక్కొక్క గడీ చూపించింది. "ఇది చావు. ఇది బురద. ఈ పావురం ఉందే, ఇది మురికి. ఎవరు తెచ్చారు దీన్ని?"

"నేనే అక్కా."

"అనుకున్నాలే. ఇదిగో, రేపటి వాన. దీనికో గాంభీర్యం ఉంది. పక్కపక్కన పెట్టి చూస్తే గుడ్డివాడికైనా తెలుస్తుంది. ఏమంటావు?"

బెరిల్ ఆమె టోపీకి చెయ్యి చాచింది. "చాలా బాగుంది అక్కా," అంది. ఆ ఊళ్ళో గుండె కలుక్కుమన్నప్పుడు అనే మాట అది. డెనిస్‌కి ఆ మాట బాగా తెలుసు.

"వదినా, ఆ గడులు..." అన్నాడు భోజనానికి కూర్చోగానే.

"నువ్వు గ్రేవీ ఇటందించు డెనిస్," అంది ఈనిడ్.

భోజనం అవుతుండగానే ఈనిడ్ తన పెయింటర్ ట్రెవర్‌కి ఫోన్ చేసింది. సోమవారం రేపటి వాన పెద్ద డబ్బా తెచ్చి వరండాలో పెట్టమంది. మంగళవారం పని మొదలుపెట్టమంది. ఖర్చు తన కానుక అంది. బంగాళాదుంపలు ఇంకాస్త వేగితే బాగుండేదని కూడా అంది.

అసలు రేపటి వానని గోడ మీద ఇంతవరకు ఎవరూ చూడలేదు. అది కుక్క తోక మీద కాసేపు ఉంది, అంతే. మంగళవారం అది గోడకెక్కితే గడికీ గోడకీ తేడా తెలిసిపోతుంది. తన దొంగ పని బయటపడుతుంది. అదైనా డెనిస్ భరించగలడు. కాని ఈ ఒక్క గది నాది అన్న మాట అతని చెవిలోనే ఉంది. ఆ గది కూడా ఈనిడ్‌ది అయిపోతుంది.

సోమవారం పొద్దున్నే డెనిస్ రెండు బస్సులు మారి నిద్రపోయే పావురం పెద్ద డబ్బా కొని తెచ్చి షెడ్డులో దాచాడు. సాయంత్రం బెరిల్ చర్చిలో పాటకి వెళ్ళాక ట్రెవర్ పెట్టి వెళ్ళిన డబ్బాని కూడా షెడ్డులోకి మోశాడు. రెండు మూతలూ ఊడదీసి తారుమారు చేశాడు. ఇప్పుడు రేపటి వాన మూత కింద పావురం ఉంది. దాన్ని వరండాలో పెట్టాడు. పావురం మూత కింద రేపటి వాన ఉంది. దాన్ని షెడ్డులోనే ఉంచి పైన గోనె కప్పాడు. ఆ రాత్రి హాయిగా గురక పెట్టాడు.

మంగళవారం తెల్లవారాక అతను డ్యూక్‌ని తిప్పడానికి వెళ్ళాడు. బెరిల్ చేట కోసం షెడ్డులోకి వెళ్ళింది. గోనె కింద డబ్బా కనబడింది. మూత మీద నిద్రపోయే పావురం అని ఉంది. పిచ్చివాడు, నా కోసం కొన్నాడు, అక్కకి చెప్పే ధైర్యం లేక దాచాడు, అనుకుంది. కళ్ళు తుడుచుకుంది. వరండాలో డబ్బా తెచ్చింది. చెంచా కాడతో మూతలు ఊడదీసి తారుమారు చేసింది. షెడ్డులో డబ్బాని వరండాలో పెట్టి, వరండాలో దాన్ని గోనె కింద పెట్టింది. లోపల ఉన్నవి రెండూ చూసింది కూడా. డబ్బాలో చూస్తే రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

ట్రెవర్ వచ్చి ఈల వేసుకుంటూ పని మొదలుపెట్టాడు. నాలుగు గడులున్న గోడని చివరికి వదిలి మిగతా మూడూ పూశాడు. డెనిస్ బెరిల్‌ని చూసి నవ్వాడు. బెరిల్ డెనిస్‌ని చూసి నవ్వింది. ఒకళ్ళెందుకు నవ్వారో ఇంకొకళ్ళు అడగలేదు. రంగు ఆరడం మొదలైంది. ఆరేకొద్దీ గోడల్లోంచి పచ్చదనం పైకి వచ్చింది. మధ్యాహ్నానికి ముందు గది పాచిపట్టిన నూతిలోకి దిగినట్టుంది.

వంటింట్లో డెనిస్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"బెరిల్, అది పావురం కావాలి. మూతలు నేను మార్చాను."

బెరిల్ చేతిలో కెటిల్ ఆగిపోయింది. "ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం."

"అయ్యో నా తండ్రీ. నేను పొద్దున మార్చాను."

కెటిల్ వంగి నీళ్ళు నేల మీద కారాయి, ఎవరూ చూడలేదు.

"ఇంకోటి కూడా ఉంది," అన్నాడు డెనిస్. "ఆ గడులు..."

"నాలుగూ పావురమేలే. తెలుసు."

"తెలుసా?"

"చెత్తడబ్బా ఈ ఇంట్లో నేను కూడా తెరుస్తాను డెనిస్. మిగతా మూడు రంగులూ ఆ పేపర్లలోనే ఉన్నాయి, శనివారం రాత్రే చూశాను. మొదట నాకూ తేడా కనబడింది, సిగ్గుచేటు. తర్వాత అనుకున్నాను, పోనీలే, అక్క ఏది ఎంచినా నాదే అవుతుంది కదా అని. తన పెయింటర్ని దింపుతుందని ఎవరికి తెలుసు?" ఆమె ముందు గది వైపు చూసింది. "ఒక్క గది అడిగాను."

డెనిస్ ఆమె చేతిలోంచి కెటిల్ తీసుకుని కింద పెట్టాడు. అంతలో ముందు గదిలోంచి కేక వినబడింది. ఈనిడ్ వచ్చేసింది.

"ట్రెవర్! ఏమిటీ దరిద్రం?"

"రేపటి వాన అమ్మగారూ. మీరు చెప్పిందే."

"నేను చెప్పానా? కప్పలకి గది కట్టమని చెప్పానా?"

"మూత చూడండి. రాసుంది."

"మూతతో నాకేం పని? నేను మూతని ఎంచలేదు, గోడని ఎంచాను." ఈనిడ్ నాలుగు గడుల ముందుకి నడిచి రెండోదాని మీద వేలు పెట్టింది. "ఇదీ నేను చెప్పిన రంగు. కళ్ళున్నాయా? ఇది ఎక్కడ, అది ఎక్కడ? కొట్టువాడు తప్పు కలిపాడు. సాయంత్రానికి మూడు గోడల మీదా ఇది ఉండాలి, అచ్చం ఇదే."

"ఇప్పుడెక్కడ తెమ్మంటారు?" అన్నాడు ట్రెవర్.

బెరిల్ డెనిస్ వైపు చూసింది. డెనిస్ షెడ్డులోకి వెళ్ళి డబ్బా తెచ్చాడు. పావురం పేరున్న మూతని తీసి చంకలో పెట్టుకున్నాడు. ట్రెవర్ బ్రష్ ముంచి రెండో గడి పక్కన ఒక గీత గీసి, అట్టతో గాలి విసిరాడు. గీత ఆరింది. ఆరాక కనబడలేదు, గడిలో కలిసిపోయింది.

"అదీ!" అంది ఈనిడ్. "ఇదెక్కడిది? ఏం రంగు?"

"రేపటి వాన," అన్నాడు డెనిస్, చంక ఇంకాస్త బిగించి. "ఎందుకైనా మంచిదని ఇంకోటి తెచ్చాను వదినా."

ఈనిడ్ అతన్ని కింద నుంచి పైకి చూసింది. "నీకూ బుర్ర ఉందన్నమాట. చూశావా బెరిల్? నేను ఆ పక్కనున్న మురికి పావురాన్ని ఒప్పుకునుంటే ఈ గది ఏమైపోయేది?"

"చాలా బాగుంది అక్కా," అంది బెరిల్. ఈసారి ఆ మాట అన్నప్పుడు ఆమె నవ్వు ఆపుకోవడానికి టీ ట్రే తేవడానికి వెళ్ళవలసి వచ్చింది.

సాయంత్రానికి గది పూర్తయింది. కిటికీలోంచి చల్లని వెలుగు పడుతుంటే గోడలు నిజంగానే వెచ్చగా కనబడ్డాయి. బెరిల్ దీపం వెయ్యకుండా మధ్యలో కుర్చీ వేసుకుని చీకటి పడేదాకా కూర్చుంది. డ్యూక్ ఆమె కాళ్ళ మీద పడుకుంది. డెనిస్ గుమ్మంలో నిలబడి తనంతట తాను ఒక మాట అన్నాడు.

"నీ గది."

హాలుకి రంగు ఎంచడానికి ఈనిడ్ వచ్చే ఆదివారం వస్తానంది. ఈసారి పేర్లు నాలుగు రాసుకో, డబ్బా మాత్రం ఒకటే తే అని బెరిల్ డెనిస్‌కి చెప్పింది.